బిడ్డ చేతులు మరిగితే మరగనివ్వు

ప్రశ్న: అక్కా, మా పాప 32 వారాలకే పుట్టింది, 1,600 గ్రాములు. 18 రోజులు ఐసీయూలో ఉండి మొన్నే మారతహళ్లిలో ఇంటికొచ్చాం. కంగారూ పద్ధతిలో గుండెల మీద పడుకోబెట్టుకుంటే "చేతులు మరిగిపోతుంది, ఉయ్యాల్లో వెయ్యి" అంటున్నారు అత్తయ్య. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఓ తల్లి, బెంగళూరు

జవాబు: మరగనివ్వమ్మా! ఇప్పుడు దానికి నీ ఒంటి వెచ్చదనమే కావాలి. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన పద్ధతి ఇది. నర్సుగా నేను ఎంతమంది తల్లులకు నేర్పానో! టోపీ, సాక్సులు, డైపరు మాత్రమే ఉంచి, పాపను నిలువుగా నీ రొమ్ముల మధ్య ఆనించుకో. తల ఓ పక్కకి ఉండాలి, ముక్కు నీకు కనబడుతుండాలి. రోజుకు కనీసం 8 గంటలు. నువ్వు స్నానానికి వెళ్తే మీ ఆయన పెట్టుకోవచ్చు, అత్తయ్యగారూ పెట్టుకోవచ్చు. ఆవిడకే ఒకసారి ఇచ్చి చూడు.

పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు చేసే రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష అయిందా? నువ్వు రాయలేదు. అది పుట్టిన 30 రోజుల్లోపు జరగాలి. ఆ పొర దెబ్బతింటున్నా పైకి కళ్లు చక్కగానే కనిపిస్తాయి, అందుకే ఇళ్లలో మర్చిపోతారు. నాకు అదే భయం. డిశ్చార్జి కాగితంలో తేదీ లేకపోతే ఈరోజే ఫోన్ చెయ్యి తల్లీ.

మూడో నెలలో మెడ నిలపలేదని ఎవరన్నా అంటే, ముందుగా పుట్టిన ఆ ఎనిమిది వారాలు వయసులోంచి తీసేసి లెక్కపెట్టమను.