నాయనకు పెద్దక్షరం ఎప్పుడు?

ప్రశ్న: నమస్తే సార్. డిగ్రీ చదువుతున్నాను. మా ఊరి రొట్టెల పండగ మీద ఇంగ్లీషులో కథ రాస్తున్నాను. నాయన, అవ్వ, మామ లాంటి వరసలు మనవే ఉంచాను. 'నాయన' ఒకచోట క్యాపిటల్‌తో, ఇంకోచోట చిన్నక్షరంతో పడింది. పెద్దవాళ్లు కదా, అంతటా క్యాపిటలే పెట్టమంటోంది మా ఫ్రెండు. మరి 'కన్నా', 'బుజ్జీ' లాంటి పిలుపులకో?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ ఫ్రెండుకు పెద్దలంటే గౌరవం, సంతోషం. కానీ ఇంగ్లీషులో క్యాపిటల్ మర్యాద కోసం పెట్టేది కాదమ్మా. అదే అయితే ముందు 'సర్', 'మేడమ్'లకు పెట్టాలి. కథల్లో మాటల మధ్య వాటిని చిన్నక్షరాల్లోనే వేస్తారు.

వరస తీసేసి అక్కడ మనిషి పేరు పెట్టి చదువు. నీ కథలో నాయన పేరు రమణయ్య అనుకుందాం. 'నాయన స్వర్ణాల చెరువులో దిగాడు' అన్నచోట రమణయ్య అన్నా చెల్లుతుంది, కాబట్టి క్యాపిటల్. 'నాయనా, ఉద్యోగం రొట్టె ఎవరిస్తన్నారో అడుగు' అని కూతురు పిలిచినా క్యాపిటలే. 'మై నాయన' అన్నావో, చిన్నక్షరం. 'మై రమణయ్య' అని రాయవు గదా. అమెరికాలో ఎడిటర్లు దగ్గర పెట్టుకునే షికాగో మాన్యువల్ చెప్పేదీ ఇదే.

'అంకుల్ డేవిడ్' అన్నట్టు వరస పేరుకు ముందొస్తే క్యాపిటల్. మనకేమో 'శీనయ్య మామ' అని వెనకొస్తుంది. వీధి వీధంతా అలాగే పిలిస్తే అది మొత్తం కలిపి పేరే, నేనైతే మామకూ పెద్దక్షరమే పెడతాను. నువ్వు వద్దనుకుంటే వద్దు, కథ చివరిదాకా ఒకటే పాటించు.

ముద్దు పిలుపులు వేరు. కన్నా, బంగారం, సామీ, మన అబ్బయా – ఇవన్నీ చిన్నక్షరాలే, ఎదురుగా పిలిచినా సరే. బస్సులో ముక్కూమొహం తెలియని పిల్లోణ్ణి కూడా 'అబ్బయా, కాస్త జరుగు' అంటాం, అది వాడి పేరవుతుందా? బుజ్జి దగ్గర జాగ్రత్త. రేషన్ కార్డులో వెంకట సుబ్బయ్య అని ఉన్నా ఊరందరికీ బుజ్జే అయితే అది పేరు, క్యాపిటల్. ఒళ్లో పసిదాన్ని అవ్వ ఆ పూటకు బుజ్జీ అంటే చిన్నక్షరం. ఒకే కథలో ఈ బుజ్జీలిద్దరూ ఉంటే ఒకళ్లని మార్చెయ్, చదివేవాడు తికమకపడతాడు.

అసలు చిక్కు నాయన దగ్గరే. మనవడు బడి నుంచి రాగానే అవ్వ 'ఏం నాయనా, అన్నం తింటావా?' అంటుంది. వాడు ఆమెకు నాయన కాడు, అది ముద్దు. అక్కడ చిన్నక్షరం. అదే మనవడు గుమ్మంలోకి చూసి 'నాయనా, అవ్వ పిలస్తంది' అంటే పెద్దక్షరం. అమ్మా, తల్లీ కూడా ఇంతే. అందుకని కంప్యూటర్లో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి నాయనలన్నిటినీ ఒక్కసారిగా మార్చకు. మాట ఎవరు ఎవరితో అంటున్నారో ఒక్కోటి చూసుకుంటూ పో.