అణు విద్యుత్ కేంద్రం బాంబులా పేలుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో కొవ్వాడకు దగ్గరి ఊరు. అక్కడ ప్రతిపాదించిన అణు విద్యుత్ కేంద్రం ఏనాడైనా అణుబాంబులా పేలవచ్చునా?

జవాబు: అలా పేలదు. యురేనియం బాంబుకు సాధారణంగా, సులభంగా చీలి శక్తినిచ్చే యురేనియం-235 అనే రకం దాదాపు 90 శాతం ఉండేలా శుద్ధి చేసిన పదార్థం కావాలి. కొవ్వాడకు అనుకున్న తరహా రియాక్టర్ల ఇంధనంలో అది 5 శాతానికి మించదు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో పేలినది, సునామీ తాకిడికి విద్యుత్ సరఫరా నిలిచి, ఇంధనాన్ని చల్లబరిచే ఏర్పాటు ఆగిపోయినందున పోగుపడిన హైడ్రోజన్ వాయువు. అంతమాత్రాన మీ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఫుకుషిమాలో రేడియేషన్ కంటే, హడావిడిగా ఊళ్లు ఖాళీ చేయించడం వల్లనే ఎక్కువ మంది, ముఖ్యంగా వృద్ధులు, ప్రాణాలు కోల్పోయారు. కనుక ప్రమాదం జరిగితే మంచాన పడి ఉన్నవారిని ఏ దారిన, ఎన్ని గంటల్లో, ఎక్కడికి తరలిస్తారో అధికారులను ముందుగా అడగండి.