ఏం బాలేదో తెలీనప్పుడు కౌన్సెలర్‌కి ఏం చెప్పాలి?

"ఉద్యోగం దొరికింది, మేనేజర్ మంచాడే, రూమ్మేట్స్‌తో గొడవల్లేవు, ఇంటి దగ్గర అమ్మానాన్న బాగున్నారు. అయినా ఏదీ బాలేదక్కా. ఏం బాలేదో మాత్రం తెలీట్లేదు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్దామంటే ఏమని చెప్పాలి? ఇంత చిన్నదానికి వచ్చావా అని నవ్వుతారేమో" అని ఒక ఖమ్మం అమ్మాయి అడిగింది. ఓపీటీ (అమెరికాలో చదువయ్యాక కొన్నాళ్ళు పని చేసుకునే అనుమతి) మీద ఇక్కడే మిషిగన్‌లో పని చేస్తోందట, చదువు లోను కట్టడం మొదలుపెట్టిందట.

ముందు అక్కా అన్నందుకు సంతోషం, మీ బ్యాచ్‌లో సగంమంది ఆంటీ అంటున్నారు. ఇక నవ్వడం సంగతి. నవ్వరమ్మా, డబ్బులు తీసుకుని నవ్వే ఖర్మ వాళ్ళకేంటి. కానీ ఆ డబ్బులు ఎంతో తెలుసుకోకుండా మాత్రం గడప తొక్కకు. నేను తొక్కాను కాబట్టి చెప్తున్నా.

నేను 2004లో హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసా వెంట వచ్చే భార్య వీసా మీద వచ్చాను. అంతకుముందు తెనాలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని, జీతం ఆరు వేలు. చిన్న జీతమే, కానీ నాది. హెచ్-4 వాళ్ళకి అప్పట్లో వర్క్ పర్మిట్ లేదు. 2015 నుంచి కొందరికి ఇస్తున్నారు, ఎవరెవరికి అన్నది ఇమిగ్రేషన్ సైట్‌లో చూసుకోవచ్చు. మొదటి చలికాలంలో, డిసెంబర్లో సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంటే, నాకు ఏదో తేడాగా ఉండేది. ఏడుపు రాలేదు. దిగులు అని కూడా అనలేను. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ తెల్లారేదాకా నిద్ర లేదు, కాలింగ్ కార్డు గీకి అమ్మకి ఫోన్ చేయాల్సిన ఆదివారం పూట ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. ఎందుకు తప్పించుకుంటున్నానో నాకే తెలీదు. మా ఆయన అడిగితే "ఏం లేదండీ, చలి" అనేదాన్ని.

ఒక రాత్రి గుండె దడదడలాడి, చెయ్యి తిమ్మిరెక్కి, భయపడి ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, అన్నీ నార్మల్ అన్నారు. నార్మల్ అని చెప్పినందుకు వచ్చిన బిల్లు చూసి మళ్ళీ దడ వచ్చింది. (గుండెలో నొప్పి అనిపిస్తే వెళ్ళాల్సిందే, అక్కడ లెక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు. బిల్లు గురించి ఏడవడం తర్వాతైనా ఏడవచ్చు.) తర్వాత మామూలు డాక్టర్ థైరాయిడ్, బీ12, విటమిన్ డీ చూసింది. డీ తక్కువుంది, ఇక్కడ చలికాలంలో మనవాళ్ళలో చాలామందికి ఉండేదే. నువ్వు కూడా ముందు ఇవి చూపించుకో, శాకాహారివైతే బీ12 తప్పకుండా అడుగు. థైరాయిడ్ తేడా వల్ల వచ్చిన నీరసానికి ఎన్ని వారాలు కౌన్సెలింగ్ చేయించుకుంటే ఏం లాభం?

అదే క్లినిక్‌లో ఒక కాగితం ఇచ్చారు. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, దేని మీదైనా ఆసక్తి ఉందా అంటూ తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. ఇప్పటికీ ఇస్తారు, పీహెచ్‌క్యూ-9 అంటారు. నేను అన్నిటికీ సున్నా పెట్టాను. ఇదెక్కడో రికార్డులోకి ఎక్కి గ్రీన్ కార్డుకి అడ్డొస్తుందని ఎవరో గుడిలో అన్నారు. గుడి పార్కింగ్‌లో విన్న ఇమిగ్రేషన్ సలహాలు ఒక పుస్తకం వేయొచ్చు. గ్రీన్ కార్డు మెడికల్‌లో వాళ్ళు చూసేది మానసిక జబ్బుతో పాటు తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. నిద్ర పట్టక కౌన్సెలర్‌తో మాట్లాడినందుకు ఎవరూ కేసు ఆపరు. అనుమానం ఉంటే మీ లాయర్ని అడుగు. సున్నాలు మాత్రం పెట్టకు. సున్నాలన్నీ చూసి కూడా ఆ డాక్టర్ నా మొహం చూసి కౌన్సెలర్ పేరు రాసిచ్చింది, అది నా అదృష్టం.

ఇక అసలు కథ. కౌన్సెలర్ ఒక పెద్దావిడ, అమెరికన్. గంటకి 120 డాలర్లు, గంటంటే 50 నిమిషాలే. అప్పుడు డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది. బస్సులో జనానికి అతుక్కుపోయి వెళ్ళి నెలంతా పాఠాలు చెప్తే వచ్చిన జీతం, దాదాపు ఒక్క గంట కబుర్లకి పోతోంది. ఇన్సూరెన్స్ కొంత ఇస్తుందని చెప్పారు గానీ ఎంతో, ఎప్పుడో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దాంతో ఆ గదిలో కూర్చున్న ప్రతి నిమిషం నా చూపు గడియారం మీదే. ఆవిడ "ఏం తీసుకొచ్చావు ఈ రోజు" అని అడిగితే, ఇంత డబ్బు పోసి "తెలీదు" అంటే ఏం బాగుంటుంది అనిపించింది. అందుకని ఒక సమస్య తయారు చేశాను.

మా అత్తగారు.

పాపం ఆవిడ గుంటూరులో తన పూజలు తను చేసుకునే మనిషి. నెలకోసారి ఫోన్ చేసి, తిన్నావా, చలికి చెవులకి కట్టుకుంటున్నావా అని అడిగి పెట్టేసేది. నేను ఆ గదిలో ఆవిణ్ణి రాక్షసిని చేసి కూర్చోబెట్టాను. ఇండియన్ కోడలు, అత్తగారు అనేసరికి కౌన్సెలర్ కూడా బుర్ర ఊపింది, ఆవిడకి కూడా అది నమ్మేలా ఉంది మరి. వారం వారం కొత్త ముక్కలు కలిపాను. కట్నం సంగతి ఒకసారి, పిల్లల సంగతి ఒకసారి. చివరికి అత్తగారికి గట్టిగా "కుదరదు" అని చెప్పడం ప్రాక్టీస్ చేయమని హోంవర్క్ ఇచ్చింది. నేను చేశాను కూడా! చెవులకి కట్టుకోమంటే "అది నా ఇష్టం అత్తయ్యా" అన్నాను. ఆవిడ రెండు క్షణాలు ఆగి "సరేనమ్మా" అని ఫోన్ మా ఆయనకి ఇమ్మంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఏం బాలేదో తెలీని మనిషి చేసే పెద్ద తప్పు వెళ్ళకపోవడం కాదు, వెళ్ళి పక్కవాళ్ళు ఒప్పుకునే సమస్య ఒకటి చేత్తో పట్టుకుని కూర్చోవడం. మీ తరంలో అత్తగారి బదులు ఇంకేదో ఉంటుంది. ఆఫీసులో స్ట్రెస్ అంటారు, బ్రేకప్ అంటారు, ఫోన్‌లో వీడియోలు చూసి ఒక జబ్బు పేరు పట్టుకొస్తారు. ఆ పేరు పట్టుకునే వారాలు గడిచిపోతాయి, మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

అప్పట్లో ఇన్సూరెన్స్ వాళ్ళు ఇలాంటివాటికి ఏడాదికి ఇన్నిసార్లే అని కోత పెట్టేవాళ్ళు (2008 చట్టం తర్వాత చాలా ప్లాన్లలో మామూలు వైద్యం కంటే దీనికి ఎక్కువ కోత పెట్టడం కుదరట్లేదు). నా కోటా అయిపోవస్తోందని కాగితం వచ్చింది. ఆ వారం వెళ్ళి, పోతే పోయిందని, "ఇన్నాళ్ళూ చెప్పింది అసలు సంగతి కాదు, అసలు సంగతేంటో నాకు తెలీదు" అనేశాను. తిడుతుందనుకున్నా. ఆవిడ పుస్తకం మూసి, పోయిన మంగళవారం లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం చేశావో చెప్పు అంది. అంతే. పళ్ళు తోమడం, ఆయన క్యారేజీ, కిటికీ, ఇండియన్ కొట్టు. కొట్టులో కాఫీ పొడి ప్యాకెట్ తీసి మళ్ళీ అక్కడే పెట్టేశానని మామూలుగా చెప్పాను. ఎందుకు పెట్టేశావంది. ఆయనకి లెక్క చెప్పాలిగా అన్నాను. ఆయన అడుగుతాడా అంది. లేదు, ఆయన లెక్కలడిగే మనిషే కాదు, రసీదులన్నీ ఫ్రిజ్ మీద పేర్చేది నేనే. అక్కడ నాకు మాట ఆగిపోయింది.

నాది డబ్బు జబ్బు. లేకపోవడం కాదు, నాది అన్నది లేకపోవడం. దానికి మందు లేదు గానీ, పేరు తెలిశాక నిద్ర పట్టింది. లైబ్రరీలో ఫ్రీగా కంప్యూటర్ నేర్చుకున్నా, గ్రీన్ కార్డు రాగానే మెడికల్ బిల్లింగ్ కోర్సు చేశా, ఇప్పుడు ఇవే బిల్లులు రోజూ నా చేతుల మీదుగా పోతాయి. ఇంగ్లీషులో ఫోన్ ఎత్తడానికే భయపడ్డ మనిషిని, ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళతో గంటలు పోట్లాడి డబ్బులు రప్పిస్తా.

లోను అన్నావు కాబట్టి నీది కూడా డబ్బే అని నాకు గట్టి అనుమానం. కానీ నేనలా తేల్చేస్తే నీకూ ఒక అత్తగారిని తగిలించినట్టే.

కాబట్టి వెళ్ళి "నాకు తెలీదు, కానీ బాలేదు" అనే చెప్పు. బట్టల కొట్టులో ఏం కావాలో తెలీదంటే చూపించడం మొదలుపెడతారు చూడు, వీళ్ళ పనీ అంతే, అడుగుతూ పోతారు. నీ వంతుగా ఒక కాగితం మీద, తెలుగులోనైనా సరే, ఈ మధ్య ఏవి మానేశావో రాసుకో. ఎవరి ఫోన్లు ఎత్తట్లేదు, ఏ వంట మానేశావు, ఎన్నింటికి మెలకువ వస్తోంది, ఎప్పుడు కాస్త తేలిగ్గా ఉంటోంది. కారణాలు రాయకు, కారణాలు కల్పించడంలో మనం మహా ఘటికులం. తెలుగు వచ్చినవాళ్ళు కావాలంటే ఆన్‌లైన్ డైరెక్టరీల్లో భాషని బట్టి వెతకొచ్చు. తెలుగావిడైతే రేపు నోవై గుడిలో ఎదురుపడుతుందని భయం ఉంటే వేరే ఊరావిడతో వీడియోలో మాట్లాడు, అయితే నువ్వున్న రాష్ట్రంలో లైసెన్స్ ఉండాలి. నువ్వు సెలవుకి ఖమ్మం వెళ్ళినప్పుడు అదే మనిషి అక్కడ నీతో మాట్లాడకపోవచ్చు, కారణం అదే.

ఇప్పుడు డబ్బు. ఇది నా సబ్జెక్టు, ఓపిగ్గా విను.

మీ కంపెనీలో ఈఏపీ (ఉద్యోగులకి కంపెనీ ఖర్చుతో కౌన్సెలింగ్ ఇప్పించే పథకం) ఉందేమో ముందు హెచ్ఆర్ సైట్‌లో చూడు. ఉంటే కొన్ని సెషన్లు పూర్తిగా ఉచితం, ఎవరు వాడుకున్నారో కంపెనీకి చెప్పరు. మనవాళ్ళు దీని పేరు చూసి కూడా తెరవరు. చదువుకునే పిల్లలైతే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్, దాని డబ్బు మీ ఫీజులో ఎప్పుడో కట్టేశారు. చిన్న కన్సల్టెన్సీ ద్వారా పనిచేసేవాళ్ళకి రెండూ ఉండకపోవచ్చు. అప్పుడు యూనివర్సిటీ సైకాలజీ డిపార్ట్‌మెంట్ల ట్రైనింగ్ క్లినిక్‌లు చూడు, నేర్చుకునేవాళ్ళు పైవాళ్ళ పర్యవేక్షణలో చూస్తారు, తక్కువ తీసుకుంటారు. మామూలు కౌన్సెలర్లలో కూడా జీతాన్ని బట్టి తగ్గించే వాళ్ళున్నారు, అడిగితేనే చెప్తారు. ఇక్కడ బేరం ఆడరు అనుకుంటాం గానీ దీన్ని బేరం అనరు.

ఇన్సూరెన్స్ మీద వెళ్తే మాత్రం నెట్‌వర్క్‌లో, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవాళ్ళలో ఉన్నారా అని కౌన్సెలర్ని, ఇన్సూరెన్స్‌ని ఇద్దరినీ అడుగు, ఒకరి మాట నమ్మకు. డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు నీ జేబులోంచి కట్టాల్సిన మొత్తం) ఎంత మిగిలిందో అడుగు. అది పూర్తయ్యేదాకా కొన్ని ప్లాన్లలో మొత్తం నువ్వే కట్టాలి, చాలా ప్లాన్లలో జనవరిలో మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. మొదటి విజిట్‌కి బిల్లులో వేసే కోడ్ వేరు, రేటు ఎక్కువ, అది చూసి ప్రతిసారీ ఇంతేనని బెదిరిపోకు. ముందురోజు చెప్పకుండా మానేస్తే ఫీజు వేస్తారు, దాన్ని ఇన్సూరెన్స్ ఇవ్వదు. ఉచితంగా చేసే వార్షిక చెకప్‌లో "నిద్ర పట్టట్లేదు" అంటే వేరే విజిట్‌గా బిల్లు వేయొచ్చు. అయినా చెప్పు. కాకపోతే బిల్లు చూసి ఆశ్చర్యపోకు.

ఇంటికి ఈఓబీ అని, ఇన్సూరెన్స్ ఎంత ఇచ్చింది, నీ వాటా ఎంత అని లెక్క చెప్పే కాగితం వస్తుంది. దాని మీద ఇది బిల్లు కాదు అని రాసి ఉంటుంది, నేను అది కూడా కట్టబోయాను. భర్త ఇన్సూరెన్స్ మీద ఉన్న ఆడపిల్లలకి ఒక మాట, ఆ కాగితం మామూలుగా ఆయన పేరు మీద వస్తుంది. వద్దనుకుంటే నా ఉత్తరాలు నాకే వేరే అడ్రస్‌కి పంపండి అని ఇన్సూరెన్స్‌ని అడగొచ్చు. బిల్లు పాస్ అవ్వాలంటే ఏదో ఒక జబ్బు కోడ్ పెట్టాలి కాబట్టి, కొత్త చోట సర్దుకోలేకపోవడం లాంటి కోడ్ కనిపిస్తే అది గూగుల్ చేసి రాత్రంతా కూర్చోకు, ఆ కోడ్‌తో నా టేబుల్ మీదికి ఎన్ని బిల్లులు వస్తాయో నాకు తెలుసు.

ఈ లెక్కలేవీ అక్కర్లేని సందర్భం ఒకటుంది. నేను లేకపోతే బాగుండు, పొద్దున్న లేవకపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అప్పుడే 988కి (ఇక్కడి ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యి, మాట్లాడలేకపోతే మెసేజ్ పెట్టు. రాత్రయినా ఎత్తుతారు, ఇన్సూరెన్స్ అడగరు. పక్కన రూమ్మేట్ ఉంటే లేపు, ఏమనుకుంటుందో అనుకోకు.

అంత దూరం రాలేదు, ఉత్త గుబులే అంటే, రేపు లంచ్ టైమ్‌లో ఇన్సూరెన్స్ కార్డు వెనక నంబర్‌కి ఫోన్ చేసి పైన చెప్పినవి అడుగు. ఎవరు మాట్లాడారో పేరు రాసుకో, కాల్ రిఫరెన్స్ నంబర్ అడిగి తీసుకో. తర్వాత బిల్లు వేరేలా వస్తే పోట్లాడటానికి ఆ నంబరే కావాలి. పోట్లాడటం రాకపోతే నాకు చెప్పు.