బ్రిడ్జ్ చేస్తే బేస్ పెరుగుతుందా?

ప్రశ్న: నా కారు డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్ ఉంది. దానికి 4 ఓమ్‌ల వాయిస్ కాయిళ్లు (కోన్‌ను కదిలించే తీగచుట్టలు) రెండు. రెండు ఛానళ్ల యాంప్లిఫయర్ నుంచి ఒక్కో కాయిల్‌కు ఒక్కో ఛానల్ ఇచ్చాను. 4 ఓమ్‌ల వద్ద ఛానల్‌కు 100 వాట్లు, 2 ఓమ్‌ల వద్ద 200, బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్‌ల వద్ద 400 వాట్లు అని యాంప్లిఫయర్ మీద ఉంది. బ్రిడ్జ్ చేసి 400 రాబట్టుకోమని మిత్రులు అంటున్నారు. చేయమంటారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ 400 వాట్లు అబద్ధం కాదు, కానీ మీ సబ్‌వూఫర్‌తో రావు.

బ్రిడ్జ్ అంటే రెండు ఛానళ్లనూ కలిపి ఒకే స్పీకర్‌ను నడిపించడం. దుంగను కోసే పెద్ద రంపాన్ని ఇద్దరు పట్టుకుంటారు చూడండి, ఒకరు లాగుతుంటే మరొకరు తోస్తారు. బ్రిడ్జ్‌లో రెండు ఛానళ్లు చేసేది అదే. స్పీకర్ మీద వోల్టేజి రెట్టింపవుతుంది. బదులుగా ఒక్కో ఛానల్‌కు ఆ స్పీకర్ ఓమ్‌లు సగమే ఉన్నట్టు అనిపిస్తుంది. 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే ఛానల్ 2 ఓమ్‌ల భారం మోస్తుంది. 200, 200 కలిపితే 400. పెట్టె మీది అంకెలో ఉన్న రహస్యం ఇంతే.

ఇక మీ కాయిళ్లు. రెండింటినీ సిరీస్‌లో కలిపితే 8 ఓమ్‌లు. బ్రిడ్జ్ చేస్తే ఛానల్‌కు 4, అంటే మొత్తం 200 వాట్లు. ఇప్పుడు మీకు వస్తున్నదీ సరిగ్గా అంతే! పారలల్‌లో కలిపితే 2 ఓమ్‌లు, ఛానల్‌కు 1 ఓమ్. ఓమ్‌లు తగ్గేకొద్దీ భారం పెరుగుతుంది, మీ యాంప్లిఫయర్ దానికి తట్టుకోదు. అదృష్టం ఉంటే ప్రొటెక్షన్ ఎర్రదీపం వెలిగి ఆగిపోతుంది. నాకు ఆ అదృష్టం లేకపోయింది. ఒక మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు మీద సీటు కింద నుంచి వార్నిష్ కాలిన వాసన వచ్చాక గానీ ఈ లెక్క నా తలకెక్కలేదు.

అయినా సిరీస్‌లో కలిపి బ్రిడ్జ్ చేయమనే చెబుతాను, వాట్ల కోసం కాదు. ఇప్పుడు సిగ్నల్ స్థాయిని సరిచేసే రెండు గెయిన్ మరల్లో ఒకటి కాస్త ఎక్కువ తిరిగినా ఒకే కోన్‌ను రెండు కాయిళ్లు చెరోలా కదిలించబోతాయి. బ్రిడ్జ్‌లో రెండింటికీ ఒకే సిగ్నల్ అందుతుంది. వైర్లు బిగించే ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. 8 ఓమ్‌లకు బదులు 7 దగ్గర చూపిస్తే కంగారు పడకండి, మీటర్ చూపే డీసీ కొలత స్పీకర్ మీద రాసిన ఓమ్‌ల కంటే ఎప్పుడూ కొంచెం తక్కువే. చాలా కారు యాంప్లిఫయర్లలో బ్రిడ్జ్‌కు ఎడమ ప్లస్, కుడి మైనస్ వాడతారు. టెర్మినళ్ల మీద రెంటినీ కలుపుతూ గీత ఉంటుంది. గీత గానీ, మాన్యువల్‌లో ఆ మాట గానీ లేకపోతే ఆ ప్రయత్నం మానుకోండి.

400 వాట్లే కావాలంటే 2 ఓమ్‌ల కాయిళ్లు రెండున్న సబ్‌వూఫర్ కొనాలి. కానీ వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు 10 కావాలి. పైగా ఏబీ క్లాస్ యాంప్లిఫయర్ పూర్తి జోరులో బ్యాటరీ నుంచి 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. అప్పుడు లావు కేబులు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పవు. ఆ డబ్బు నేనైతే మంచి బాక్సు మీద పెడతాను.

ప్రశ్న: మా భజన మందిరంలో 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు ఉన్నాయి. యాంప్లిఫయర్ వెనుక ‘బ్రిడ్జ్: కనిష్ఠం 8 ఓమ్‌లు’ అని ఉంది. రెండింటినీ పారలల్‌లో కలిపి బ్రిడ్జ్ చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వద్దమ్మా. పారలల్‌లో అవి 4 ఓమ్‌లవుతాయి, అక్కడ రాసినదాంట్లో సగం. స్టీరియోలోనే ఉంచి ఛానల్‌కు ఒకటి ఇవ్వండి. వెనుక వరుసకు పాట సరిగా వినిపించకపోతే, స్పీకర్లను నేల మీద నుంచి తీసి కూర్చున్నవారి తలలకంటే ఎత్తులో పెట్టి చూడండి.