తెలిసిన సంగతిని దాచకు

మైలాపూరు, చెన్నై

చిరంజీవికి,

పంటచేలలో రాత్రికి రాత్రే పైరు అణిగి కనిపించే వలయాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష చక్కగా నడిచింది. కానీ ఆఖర్న ‘నిజమేమిటో ఆ పొలాలకే తెలియాలి’ అన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. తెలిసిన సంగతిని తెలియనట్టు రాస్తే పాఠకుణ్ణి మోసం చేసినట్టే.

ఆ వలయాలు తామే వేశామని చెప్పిన ఇంగ్లండువాళ్లు డగ్ బోవర్, డేవ్ చోర్లీలకు ఒక్క వాక్యం ఇచ్చి, గ్రహాంతరవాసులకు రెండు పేజీలు ఇచ్చావు. అసలు కథంతా ఆ ఇద్దరి దగ్గరే ఉంది నాయనా! చెక్కపలక, తాడు, గీత వంకరపోకుండా గురి చూసుకోడానికి టోపీకి కట్టిన తీగచుట్ట. వీటితో డెబ్బైల చివరి నుంచి ఇంగ్లండు గోధుమ చేలలో రాత్రిళ్లు తిరిగారు. కారు అన్ని మైళ్లు ఎలా తిరిగిందా అని బోవర్ భార్యకు అతని మీదే అనుమానం వచ్చింది. ఇంతకంటే మంచి సన్నివేశం ఊహించి రాయగలమా? 1991లో వాళ్లు పత్రికవాళ్ల కోసం ఒక వలయం వేసి చూపిస్తే, ఈ విషయంలో పెద్ద పేరున్న పాట్ డెల్గాడో అది మనుషుల పని కాదన్నాడు. నిజం తెలిశాక మోసపోయానని ఒప్పుకున్నాడు. ఆయన్ని వెక్కిరించకు. ఒప్పుకోడానికి ధైర్యం కావాలి.

పైనుంచి చూడకుండా అంత పెద్ద బొమ్మ ఎలా వేస్తారని అడిగావు. మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, తెల్లవారకముందే మా వీధికి రా. చుక్కలు పెట్టుకుంటూ వంగిన ఆవిడ నడుం ఎత్తకుండానే మెలికల ముగ్గు మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలుపుతుంది. కొలత చేతిలో ఉంటే కన్ను పైన ఉండక్కర్లేదు.

వలయాల్లో గోధుమ కాడల కణుపులు ఉబ్బి వంగి ఉంటాయన్నావు. అది వింత కాదు. గాలికి పడిపోయిన పచ్చి వరి కూడా కణుపు దగ్గరే వంగి లేస్తుంది, మీ నాన్నగారిని అడుగు. 2001లో ఇంగ్లండులోని మిల్క్ హిల్ అనే గుట్ట మీద 409 వలయాలతో వెలిసిన బొమ్మను వేసింది ఫలానావాళ్లని తేలకపోవచ్చు. అంతమాత్రాన మనుషులు కాదనడం తర్కం కాదు.

ఇంకొకటి. నీ వ్యాసంలో రైతు ఒక్కడూ లేడు. తొక్కి పడేసింది అతని పంట. 2000లో ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో వలయం వేసిన ఒకతనికి కోర్టు జరిమానా కూడా వేసింది. పొద్దున్నే చేలోకి వచ్చిన ఆ రైతుతో మొదలుపెట్టి మళ్లీ రాయి. ఆఖరి పేరా కొట్టెయ్యి. సంక్రాంతిలోపు పంపితే చూసిపెడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు