అమెరికా పెన్షన్ ఇప్పిస్తానని ఏజెంట్ 30 శాతం అడుగుతున్నాడు, ఖాళీ చెక్కులు కూడా ఇచ్చేశాం

ప్రశ్న: మా నాన్నగారు హెచ్1బీ మీద అమెరికాలో 12 ఏళ్లు ఉద్యోగం చేసి ఇండియా వచ్చేశారు, అమ్మ కూడా అన్నేళ్లూ ఆయనతోనే అక్కడ ఉంది. నాన్నకి ఇప్పుడు 67 దాటాయి. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ ఇప్పిస్తానని ఒక ఏజెంట్ 40 వేలు అడ్వాన్స్ తీసుకున్నాడు. పెన్షన్ వచ్చినన్నాళ్లూ నెలనెలా 30 శాతం తనకివ్వాలని అగ్రిమెంట్ రాయించాడు, రద్దు చేయడానికి వీల్లేని జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అని ఒకటి నోటరీ చేయించాడు, నాన్న సంతకంతో రెండు ఖాళీ చెక్కులు పట్టుకెళ్లాడు. ఆరు నెలలైంది, అప్లికేషన్ పెట్టాడో లేదో చెప్పడు. వద్దు మానేస్తాం అంటే కేసు వేస్తానంటున్నాడు. ఏం చేయాలి సార్?

జవాబు: మీరు జీపీఏ గురించి ఎక్కువ భయపడుతున్నట్టున్నారు గానీ దాంతో అతను చేయగలిగేది పెద్దగా ఏమీ లేదండి, అసలు ప్రమాదం ఆ చెక్కుల్లో ఉంది.

సంతకం పెట్టి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కుని అవతలివాడు నింపుకున్నా సరే, బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ సెక్షన్ 139 అదే చెప్తుంది, 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట అంది. అది కాదని చూపించాల్సిన భారం మీ నాన్నగారి మీద పడుతుంది. అందుకని ఈ వారంలోనే రిజిస్టర్డ్ పోస్టులో ఒక నోటీసు పంపించండి. ఫలానా నంబర్ల చెక్కులు సెక్యూరిటీగా తీసుకున్నావు, నీకు మేం బాకీ ఏమీ లేము, నువ్వు చేసిన పనేంటో కాగితం చూపించు, చెక్కులు తిరిగివ్వు, ఇంతే, తిట్లూ బెదిరింపులూ వద్దు. బ్యాంకులో స్టాప్ పేమెంట్ కూడా పెట్టండి, కానీ స్టాప్ పేమెంట్ పెట్టాం కదా ఇంక చెక్కు బౌన్స్ కేసు (అదే చట్టం సెక్షన్ 138) పడదులే అని ధీమాగా ఉండకండి, అలా ఆపినా కేసు వేయొచ్చు. అతను చెక్కు వేయకముందే మీరు పంపిన నోటీసే రేపు మీకు పనికొచ్చే సాక్ష్యం. చెక్కు బౌన్స్ అయ్యి అతని దగ్గర్నుంచి నోటీసు వస్తే చేతికి అందిన రోజు నుంచి 15 రోజులే గడువు, ఆ లోపు లాయర్ చేత జవాబు ఇప్పించాలి, దాన్ని అల్మారాలో పెట్టి మర్చిపోతే మాత్రం కష్టం.

ఇక జీపీఏ. అమెరికా సోషల్ సెక్యూరిటీ వాళ్లు పెన్షన్ డబ్బు విషయంలో పవర్ ఆఫ్ అటార్నీని అసలు లెక్కలోకే తీసుకోరు, ఇక్కడి నోటరీ ముద్రే కాదు అక్కడ రాయించినదైనా అంతే. పెన్షన్‌ని ఇంకొకరికి రాసివ్వడం కూడా వాళ్ల చట్టం సెక్షన్ 207 ప్రకారం చెల్లదు. అంటే మీ నాన్నగారు ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టినా ఆ 30 శాతం అక్కడి నుంచి నేరుగా ఏజెంట్ చేతికి రాదు, మీ అకౌంట్‌లో పడ్డాక మీరు తీసివ్వాలి, ఆ చెక్కులు ఎందుకు తీసుకున్నాడో ఇప్పుడు అర్థమైందనుకుంటా. రద్దు చేయడానికి వీల్లేదు అని రాసినంత మాత్రాన అలా అయిపోదండి. ఏజెంటుకి ఆ ఆస్తిలోనే సొంత హక్కు ఉంటే తప్ప పవర్ ఎప్పుడైనా తీసేయొచ్చు, మన కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 202 ఆ ఒక్క సందర్భానికే, కమిషన్ వస్తుందన్న ఆశ ఆ హక్కు కిందకి రాదు. చెక్కుల నోటీసులోనే జీపీఏ కూడా రద్దు చేశామని రాసేయండి.

ఫీజు సంగతికొస్తే, చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సోషల్ సెక్యూరిటీ క్లెయిములో ప్రతినిధిగా పనిచేసి ఫీజు తీసుకోవాలంటే ఆ ఆఫీసు ఆమోదం ఉండాలి, వాళ్ల చట్టం సెక్షన్ 206. ముందు ఎస్‌ఎస్‌ఏ-1696 ఫారం మీద మీ నాన్నగారు అతన్ని ప్రతినిధిగా పెట్టుకున్నట్టు రాసివ్వాలి, తర్వాత ఫీజు వాళ్లు ఒప్పుకోవాలి. మామూలు ఫీజు అగ్రిమెంట్ పద్ధతిలో అయితే మీ నాన్నగారికి రావాల్సిన పాత పెన్షన్ బకాయి మొత్తంలో 25 శాతం దాటకూడదు, దాని మీద మళ్లీ ఒక గరిష్ఠ పరిమితి, 2024 నవంబర్ నుంచి అది 9,200 డాలర్లు చేశారు, రెండిట్లో ఏది తక్కువైతే అది. ముందుముందు వచ్చే పెన్షన్‌లో జీవితాంతం వాటా అనేది ఆ పద్ధతిలో ఎక్కడా లేదు. ఆమోదం లేకుండా ఫీజు వసూలు చేయడం అక్కడ నేరం. కొరియర్, జిరాక్స్ లాంటి ఖర్చులు వేరే సంగతి. ఆ 1696 కాపీ చూపించమని నోటీసులో అడగండి, ఉంటే చూపిస్తాడు, నా అనుమానం లేదనే.

అతని వెనక ఎవరైనా అడ్వకేట్ ఉన్నాడేమో కూడా కనుక్కోండి. ఉంటే ఆయన ఇలా శాతం లెక్కన ఫీజు మాట్లాడుకోకూడదు, 2017లో బి. సునీత వర్సెస్ స్టేట్ ఆఫ్ తెలంగాణ కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఒప్పందం చెల్లదంది, ఆ ఫీజు కోసం క్లయింట్ మీద వేసిన చెక్కు కేసుని కూడా కొట్టేసింది. ఏజెంట్ అడ్వకేట్ కాకపోతే ఈ తీర్పు అతనికి నేరుగా తగలదు, అందుకే అడగమంటున్నా.

40 వేలు వెనక్కి రావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఈ మొత్తానికి ఫీజు కూడా ఉండదు, రెండేళ్ల లోపు వేయాలి. డబ్బు ఫోన్ పేలో పంపారో చేతికిచ్చారో మీరు రాయలేదు, చేతికిచ్చి ఉంటే వాట్సాప్‌లో అతను ఒప్పుకున్న మెసేజ్ ఏదైనా ఉందేమో వెతకండి, డిలీట్ చేయకండి.

ఇదంతా జరుగుతుండగానే అసలు పని ఆపొద్దు, అప్లికేషన్ మీరే పెట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఇండియాలో ఉండేవాళ్ల క్లెయిములు మనీలాలోని అమెరికా ఎంబసీలో ఉన్న ఫెడరల్ బెనిఫిట్స్ యూనిట్ చూస్తుంది. ఏజెంట్ ఏదైనా పెట్టాడా లేదా అని ముందు వాళ్లనే అడగండి, మీ నాన్నగారే స్వయంగా అడగాలి, మీకు చెప్పరు. పెన్షన్‌కి 40 క్రెడిట్లు కావాలి, అంటే అక్కడ సంపాదించి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టిన దానికి ఇచ్చే పాయింట్లు, ఏడాదికి గరిష్ఠంగా నాలుగు, 12 ఏళ్లు వరసగా చేశారు కాబట్టి దాదాపు వచ్చేసినట్టే, పాత డబ్ల్యూ-2 కాగితాలు (ఏటా కంపెనీ ఇచ్చే జీతం, పన్ను వివరాలు) ఉంటే తీసి పెట్టుకోండి. 40 ఉన్న ఇండియన్ సిటిజన్‌కి ఇక్కడున్నా పెన్షన్ ఇస్తారు. పదేళ్లు నిండనివాళ్లకి కట్టింది వెనక్కి ఇప్పిస్తాం, ఇక్కడి పీఎఫ్ సర్వీసు కలిపిస్తాం అని కూడా కొందరు ఏజెంట్లు తిరుగుతుంటారు, అమెరికాతో మనకి అలాంటి ఒప్పందమే లేదు, వెనక్కి ఇచ్చే పద్ధతీ లేదు, అక్కడ డబ్బులు పోగొట్టుకోకండి.

ఆరు నెలలు పోయాయని బాధపడకండి, పూర్తి పెన్షన్ వచ్చే వయసు దాటినవాళ్లు ఆరు నెలల వరకు వెనక్కి లెక్కేసి అడగొచ్చు, అడగకపోతే ఆలస్యమైన నెలలకి నెలనెలా వచ్చే పెన్షన్ కాస్త పెరుగుతుంది, 70 వరకు అలా పెరుగుతూనే ఉంటుంది, ఏది లాభమో మీ నాన్నగారి ఆరోగ్యం చూసి తేల్చుకోండి. పన్ను మాత్రం గుర్తుంచుకోండి, గ్రీన్‌కార్డ్ లేని ఇండియన్ సిటిజన్‌కి పెన్షన్‌లో 85 శాతం మీద 30 శాతం పన్ను కోసేసి పంపుతారు, అంటే వందకి ఇరవై అయిదున్నర. దాని మీద ఇంకో 30 ఏజెంటుకి ఇస్తే ఏం మిగులుతుందో మీరే చూసుకోండి.

అమ్మగారి పేరు కూడా అదే అప్లికేషన్ టైంలో చెప్పండి. 62 దాటితే భార్యగా ఆవిడకీ విడిగా వస్తుంది, కాకపోతే బయట దేశంలో ఉండే భార్య అమెరికాలో కనీసం అయిదేళ్లు, అదీ భార్యగా ఉన్న కాలంలో, ఉండి ఉండాలి. ఆవిడ పాత పాస్‌పోర్టుల్లో హెచ్4 వీసా (హెచ్1బీ వాళ్ల భార్యకిచ్చేది), ఎంట్రీ ముద్రలు ఆ అయిదేళ్లకి రుజువు కాబట్టి ఒరిజినల్స్ ఏజెంట్ దగ్గరుంటే చెక్కులతో పాటు వాటినీ నోటీసులో అడగండి.