మా ఊరి బండిదావ, హేగ్ కోర్టు తీర్పు

"దేశాలన్నిటికీ కలిపి చట్టాలు చేసే అసెంబ్లీ అంటూ లేదు కదా, మరి అంతర్జాతీయ చట్టాన్ని ఎవరు రాస్తారు?" అని అడిగారు. నన్నడిగితే అందులో సగం ఎవరూ రాయలేదు. నడవగా నడవగా పడిన దావ అది.

తిరుపతిలో లా చదివేటప్పుడు ఈ సబ్జెక్టు చెప్పిన సారు నోట్సు చదివేసి వెళ్లిపోయేవాడు. దేశాల తగవులు తీర్చే హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం నిబంధనల్లో 38వ అధికరణం, ఒప్పందాలు, ఆచారం అని బట్టీ పట్టి పాసయ్యాను. ఆచారం అంటే ఏంటో తెలిసింది మాత్రం బంగారుపాళ్యం దగ్గర మా ఊళ్లో, మామిడికాయల సీజన్లో.

మా తోటకు పోవాలంటే పక్కాయన చేలోంచి బండిదావ. తాతల నాటిది, కాగితం లేదు. చేను కొడుకు చేతికి రాగానే వాడు దావకు అడ్డంగా ముళ్లకంప వేశాడు. తోతాపురి కాయలు కోసి కుప్ప పోసున్నాయి, కూలోళ్లు ఖాళీగా కూర్చున్నారు, నాయనకు టెన్షన్. సాయంత్రం వేపచెట్టు కింద పంచాయితీ. ఒక పెద్దాయన రెండే మాటలు అడిగాడు.

"ఇన్నేండ్లూ బండి తోలేటప్పుడు ఎవురినన్నా అడిగినారా?"

"లేదు మామా."

"మరి బోరు లారీ తెచ్చినప్పుడు?"

నాయన కాసేపు నేల చూసి, "అడిగినాం, ప్రతిసారీ" అన్నాడు.

తీర్పు అంతే. మనుషులు, బండ్లు, కాయలు పోవచ్చు. బోరు లారీకి మాత్రం అడగాల్సిందే.

తర్వాతెప్పుడో పోర్చుగల్ మన దేశం మీద వేసిన కేసు చదివితే నవ్వొచ్చింది. అప్పట్లో వాళ్ల చేతిలో ఉన్న డామన్ నుంచి, మన నేల మధ్య చిక్కుకున్న తమ దాద్రా, నాగర్ హవేలీలకు మన నేల మీదుగా పోయే హక్కుందని వాళ్లు 1955లో హేగ్ కోర్టుకెక్కారు. నూట పాతికేళ్లుగా సాగుతోంది కాబట్టి మామూలు జనానికి, సివిల్ అధికారులకు, సరుకులకు హక్కుందని 1960లో కోర్టు చెప్పింది. సైన్యానికి, సాయుధ పోలీసులకు, ఆయుధాలకు లేదంది, ఎందుకంటే వాటికి ఎప్పుడూ అనుమతి అడుగుతూనే వచ్చారు. అచ్చం మా బోరు లారీ! రెండే దేశాల మధ్య ఆచారం ఎలా పుడుతుందని మనవాళ్లు వాదిస్తే, ఎందుకు పుట్టకూడదని కోర్టు ఎదురడిగింది. అయితే 1954లో అక్కడి ఉద్రిక్తత చూసి మనవాళ్లు దారి ఆపడం తప్పు కాదని కూడా తేల్చింది. టీవీల్లో "అంతర్జాతీయ చట్టం ఉల్లంఘన" అని అరిచేవాళ్లలో ఒక్కడైనా ఈ తీర్పు చదివి ఉంటాడా అని నా అనుమానం.

పనిలో పని, స్టాంపు పేపరు మీద రాసుకుందామన్నారు మా పెద్దమనుషులు. అక్కడే చెడింది. "బండి పట్టేంత" అంటే ఎనిమిది అడుగులా, పదా? ట్రాక్టరు బండి కిందికి వస్తుందా? మూడు రోజులు కొట్లాడుకున్నారు. ఆ పేపరు సంతకాల్లేకుండా ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది.

ఐరాసలోనూ ఇదే తంతు. ఆచారాన్ని కాగితం మీదికి ఎక్కించడానికి 1947లో అంతర్జాతీయ న్యాయ కమిషన్ పెట్టారు, ఇప్పుడు 34 మంది సభ్యులు. తప్పు చేసిన దేశం బాధ్యత ఏంటన్న విషయం 1956లో ఎత్తుకుని 2001లో ముగించారు. అది ఇంకా ఒప్పందం కాలేదు, అయినా కోర్టులు వాడేసుకుంటున్నాయి. ఒప్పందాల మీద 1969లో చేసిన వియన్నా ఒప్పందంలో మన దేశం చేరనే లేదు, అయినా ఒప్పందాలను ఎలా చదివి అర్థం చేసుకోవాలో అందులో చెప్పిన పద్ధతిని మన సుప్రీంకోర్టు ఆచారంగా తీసుకుంది. సముద్రం సంగతి వేరే, ఒప్పుకుంటాను. తీరం నుంచి ఏ దేశానికి ఎంత దూరం దాకా ఆర్థిక హక్కులో 200 నాటికల్ మైళ్లని అంకె వేయాలంటే 1982 సముద్ర చట్టం ఒప్పందంలోలాగా కూర్చుని రాయక తప్పదు.

నిరుడు మా బోరు మళ్లీ ఎండింది. లారీ వాడికి ఫోన్ చేయకముందే, పొద్దున్నే చొక్కా తొడుక్కుని నాయన పక్కింటికి పోయి అడిగి వచ్చాడు.